రాతిపువ్వు, గరికపోచ, జింక కొమ్ము

డిసెంబర్ రెండో వారం దాటితే హైదరాబాద్ సైనిక్‌పురిలో సాయంత్రాలు పెందలాడే వెలుగుతాయి. మిలిటరీలో పనిచేసి వచ్చినవాళ్ళ కోసం పుట్టిన కాలనీ ఇది. దేశం నలుమూలల వాళ్ళు ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు, వాళ్ళ వెంట వాళ్ళ పండుగలూ వచ్చాయి. క్రిస్మస్ దగ్గరపడుతుంటే వాకిళ్ళలో కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. దుకాణాల ముందు దూది మంచు పరుచుకుంటుంది. ఆ దూది మీద ఇనుప తీగతో వంచి, చిన్న లైట్లు చుట్టిన జంతువు ఒకటి నిలబడి ఉంటుంది. తల మీద చెట్టుకొమ్మల్లా చీలిన కొమ్ములు. చంటిపిల్లలు దాన్ని చూసి “జింక” అంటారు. “జింక కాదమ్మా, రెయిన్‌డీర్” అని పెద్దవాళ్ళు దిద్దుతారు. ఆ దిద్దుబాటు అవసరం లేదు. రెయిన్‌డీర్ జింకే. శామీర్‌పేట జింకల పార్కులో గడ్డి మేస్తున్న చుక్కల జింకకు అది దూరపు చుట్టం.

ఆ తీగ బొమ్మలో ఇంకో విషయం దాగి ఉంది. డిసెంబర్ చివర్లో కొమ్ములతో కనిపించే రెయిన్‌డీర్ చాలావరకు ఆడదే అయి ఉంటుంది. పెద్ద మగవి శరత్కాలంలో జతకట్టే పోరాటాలు ముగించి, చలికాలం మొదట్లోనే కొమ్ములు రాల్చేస్తాయి. పండుగ నాటికి వాటి తలలు బోడిగా ఉంటాయి. ఆడవాటి కొమ్ములు మాత్రం చలికాలమంతా నిలిచి, ఎండాకాలం మొదట్లో ఈనే సమయానికి రాలతాయి. కొమ్ములున్న జింక జాతుల్లో ఆడవాటికి కూడా మామూలుగా కొమ్ములు మొలిచేది ఒక్క రెయిన్‌డీర్‌లోనే.

అలా ఎందుకన్నది అక్కడి చలికాలాన్ని ఊహించుకుంటే అర్థమవుతుంది. మేత మీద మోకాలి లోతు మంచు ఉంటుంది. ముక్కుతో వాసన పట్టి, ముందుకాళ్ళ గిట్టలతో మంచు తవ్వి, గొయ్యి చేసుకుని తినాలి. ఉత్తర అమెరికాలో ఇదే జంతువును క్యారిబూ అంటారు. అక్కడి మిక్మాక్ ప్రజల భాషలో ఆ మాటకు మంచును తవ్వేది అని అర్థం. అంత కష్టపడి తవ్విన గొయ్యిని బలమైన మగది వచ్చి లాక్కుంటే కడుపుతో ఉన్న ఆడదాని గతి ఏమిటి? అప్పటికి మగదానికి కొమ్ముల్లేవు, ఆడదానికి ఉన్నాయి. బరువులో రెండింతలున్న మగది కూడా కొమ్ము చూపిస్తే పక్కకు తప్పుకుంటుంది.

ఈ కొమ్ము సంగతి కాస్త నిదానంగా చూడదగ్గది. ఆవు కొమ్ము, మేక కొమ్ము ఒక రకం. లోపల ఎముక మొద్దు, దాని మీద గోరు లాంటి పదార్థంతో తొడుగు. ఒకసారి మొలిస్తే జీవితాంతం ఉంటుంది, కొమ్మలుగా చీలదు. జింక కొమ్ము వేరు. అది పూర్తిగా ఎముక. ఎదిగే కాలంలో మాత్రం దాని మీద నూగుతో, ముఖమల్ గుడ్డలా మెత్తగా ఉండే చర్మం కప్పి ఉంటుంది. ఆ చర్మం నిండా రక్తనాళాలే. తాకితే వెచ్చగా ఉంటుంది, దెబ్బ తగిలితే రక్తం కారుతుంది. క్షీరదాల శరీరంలో అంత వేగంగా పెరిగే కణజాలం ఇంకోటి లేదనవచ్చు. పెద్ద జాతుల్లో రోజుకు రెండు సెంటీమీటర్ల దాకా పెరిగిన సందర్భాలున్నాయి. అంత సున్నం మేతలో దొరకదు. అందుకే జంతువు తన పక్కటెముకల్లోంచి, కాలి ఎముకల్లోంచి కొంత అప్పు తెచ్చుకుంటుంది. కొమ్ము పెరిగినన్నాళ్ళూ ఒంట్లోని ఎముకలు గుల్లబారి, తర్వాత మేతతో మళ్ళీ గట్టిపడతాయి.

మగవాటిలో టెస్టోస్టెరాన్ హార్మోన్ పెరగగానే ఎదుగుదల ఆగుతుంది. పై చర్మానికి రక్తం అందక ఎండిపోతుంది. అప్పుడు మగ జింక చెట్టు మొద్దు వెతుక్కుంటుంది. తల వంచి, కొమ్మును బెరడుకు అదిమి, పైకీ కిందికీ రాస్తుంది. ఎండిన చర్మం పేలికలు పేలికలుగా చీలి కళ్ళ మీద వేలాడుతుంది. కొమ్ము ఎర్రటి తడితో మెరుస్తుంది. కొన్ని జింకలు ఆ పేలికల్ని నోటికి అందినంత వరకు నమిలి మింగేస్తాయి కూడా. ఒకటి రెండు రోజుల్లో చెట్టు బెరడు రసం పట్టి కొమ్ము గోధుమరంగుకు తిరుగుతుంది, మొనలు మాత్రం తెల్లగా నిలుస్తాయి. జతకట్టే కాలం ముగిసి హార్మోన్ తగ్గిపోగానే, కొమ్ము మొదట్లో ఎముకను తినేసే కణాలు పని మొదలుపెడతాయి. ఓ రోజు తల విదిలిస్తే కొమ్ము ఊడి పడుతుంది. ఆ చోట చిన్న పుండు, కొన్నాళ్ళకు మచ్చ, దాని కిందినుంచి మళ్ళీ మొలక.

రెయిన్‌డీర్‌కు ఈ లెక్కంతా వెలుతురు చెబుతుంది. నార్వే ఉత్తరాన ట్రోమ్సో ప్రాంతంలో చలికాలంలో దాదాపు రెండు నెలలు సూర్యుడు పైకి రాడు, ఎండాకాలంలో అలాగే రెండు నెలలు అస్తమించడు. ఒంటికి అంతకంటే స్పష్టమైన క్యాలెండర్ అక్కర్లేదు. ఆ చీకటి రెయిన్‌డీర్ కంటినే మార్చేస్తుంది. రాత్రిపూట పిల్లి కళ్ళు మెరిసేలా చేసే అద్దంపొర ఒకటి రెయిన్‌డీర్ కంట్లోనూ ఉంది. ఎండాకాలంలో అది బంగారు రంగులో, చలికాలంలో ముదురు నీలంలో ఉంటుందని నార్వే, బ్రిటన్ శాస్త్రవేత్తలు 2013లో ప్రకటించారు. నీలానికి మారాక కొద్దిపాటి వెలుతురునూ కన్ను మరింతగా పట్టుకోగలుగుతుంది.

హైదరాబాద్‌లో అతి పొడుగు పగటికీ, అతి పొట్టి పగటికీ తేడా రెండు గంటలకు కాస్త ఎక్కువ, అంతే. మన చుక్కల జింకకు సూర్యుడు అంత గట్టిగా గంట కొట్టడు. అందుకే చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ పార్కులో ఓ గుంపును అరగంట గమనిస్తే విచిత్రంగా ఉంటుంది. ఒక మగదానికి నున్నటి గట్టి కొమ్ములు, ఒక్కొక్కటి మూడు కొమ్మలుగా చీలి, వెనక్కి వంగి వీణలా. దాని పక్కనే ఇంకోదానికి నూగు చర్మంతో బొద్దుగా, సగం పెరిగిన కొమ్ములు. ఇంకో నాలుగడుగుల అవతల మూడోదానికి ఏమీ లేవు. ఒకే గుంపు, ఒకే రోజు, మూడు కాలాలు. ప్రతి మగదానికీ దాని సొంత ఏడాది ఉంటుంది. పిల్లలు కూడా ఏడాది పొడవునా పుడుతూనే ఉంటాయి, కొన్ని నెలల్లో ఎక్కువగా. చలిదేశపు జింక ఒక్క నెల అటూ ఇటూ అయితే పిల్లను పోగొట్టుకుంటుంది. మన జింకకు అంత కఠినమైన గడువు లేదు.

ఇక్కడ తెలుగు మాట ఒకటి విప్పి చూడాలి. మనం ‘జింక’ అనే ఒక్క పేరు కింద రెండు వేరు వేరు కుటుంబాల్ని కలిపేశాం. చుక్కల జింక అచ్చమైన జింక. అడవి పల్లెల్లో దాన్ని దుప్పి అంటారు. ఒళ్ళు పెద్దదైన కణుజు కూడా ఆ కుటుంబమే. కృష్ణజింక మాత్రం వంశవృక్షంలో ఆవు, మేకల కొమ్మకు చెందింది. దానికి కొమ్ములు రాలవు. మెలితిరిగి, కణుపులు కణుపులుగా, నిటారుగా పెరిగి చివరిదాకా ఉంటాయి. పాతవాళ్ళకు ఈ తేడా కంటికి తెలుసు, అందుకే మగదాన్ని ఇర్రి అనీ ఆడదాన్ని లేడి అనీ విడిగా పిలిచారు. ఈ రెండు మాటలూ పట్నంలో దాదాపు మరుగునపడ్డాయి. తిరిగి వాడుకలోకి రావలసిన మాటలవి. ఉమ్మడి రాష్ట్రానికి కృష్ణజింక రాష్ట్ర జంతువు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక చుక్కల జింకను ఎంచుకుంది, ఆంధ్రప్రదేశ్ కృష్ణజింకనే ఉంచుకుంది. అలా రెండు తెలుగు రాష్ట్రాల గుర్తులూ ‘జింకలే’ అయినా, శాస్త్రం లెక్కలో ఒకటి దుప్పి, ఒకటి మేకకు చుట్టం.

“లేడికి లేచిందే పరుగు” అంటారు. సామెత కట్టినవాళ్ళు పెద్ద లేడిని చూసి ఉంటారు. గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల జంతువు అది, బెదిరితే గుంపంతా గాలిలోకి బంతుల్లా ఎగిరి ఎగిరి పరుగు తీస్తుంది. లేడి కూన సంగతి వేరు. పుట్టిన మొదటి రోజుల్లో అది పరిగెత్తదు, గడ్డిలో మెడ నేలకు ఆనించి, చెవులు వెనక్కి వాల్చి కదలకుండా పడుకుంటుంది. తల్లి దూరంగా మేస్తూ, పాలివ్వడానికి మాత్రం వచ్చిపోతుంది. దుప్పి కూనదీ అదే పద్ధతి. సామెత అక్షరాలా సరిపోయేది రెయిన్‌డీర్ కూనకే. పుట్టిన గంటకల్లా లేచి నిలబడుతుంది, ఒక రోజు గడిస్తే తల్లి వెంట పరుగే. దాక్కోవడానికి గడ్డి లేని మంచు మైదానంలో, ఎప్పుడూ నడిచే గుంపులో పుట్టిన కూనకు ఇంకో దారి లేదు.

అంటే కూన దాక్కోవాలంటే గడ్డి ఉండాలి. ఆ గడ్డి దగ్గరికి వచ్చేసరికి సైనిక్‌పురి చుట్టుపక్కల నేలకూ, ధ్రువప్రాంతపు నేలకూ ఒక పోలిక కనబడుతుంది. రెండూ పైకి ఏమీ లేనట్టు కనిపించే నేలలు.

రెయిన్‌డీర్ చలికాలపు మేతలో పెద్ద భాగం లైకెన్. ఈ పేరు వినగానే ఏదో దూరదేశపు వస్తువు అనిపిస్తుంది గానీ, ప్రతి తెలుగు వంటింట్లోనూ దాని బంధువు ఉంది. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు లైకెనే. నల్లగా, బూడిదరంగుగా, ఎండిన ఆకుముక్కలా ఉండి, చేత్తో నలిపితే మట్టివాసన వేసేది అదే. బూజు జాతి జీవి, నాచు జాతి జీవి కలిసి చేసే కాపురమది. ఒకటి ఇల్లు కడుతుంది, ఒకటి ఎండతో అన్నం వండుతుంది. వేర్లు లేవు. గాలిలోంచి, వానలోంచి, మంచులోంచి కావలసింది పీల్చుకుంటుంది. మౌలాలి గుట్ట బండల మీద కనిపించే పసుపు, బూడిద, నారింజ రంగు మరకల్లో చాలావరకు లైకెన్లే. 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ మీద అవి మచ్చల్లా అంటుకుని ఉంటాయి. ఎవరికీ అవి ప్రాణులుగా తోచవు.

రెయిన్‌డీర్ తినే నేల లైకెన్ ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఒకసారి నున్నగా మేసేసిన చోటు మళ్ళీ నిండాలంటే దశాబ్దాలు పడుతుంది. అందుకే అక్కడి గుంపులు ఒకచోట ఉండవు, వందల కిలోమీటర్లు నడుస్తూనే ఉంటాయి. ఆ నడక ఆగితే ఏమవుతుందో ఓ దీవి చూపించింది. అలాస్కా పక్కన బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ అనే దీవి ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1944లో, అక్కడి సిబ్బందికి అత్యవసరంలో ఆహారంగా పనికొస్తాయని అమెరికా తీరరక్షక దళం 29 రెయిన్‌డీర్లను దించింది. తోడేళ్ళు లేవు, లైకెన్ పరుపులా పరుచుకుని ఉంది. 1957 నాటికి 1,350 అయ్యాయి. 1963 నాటికి 6,000. ఆ చలికాలం దారుణంగా వచ్చింది, అప్పటికి లైకెన్ అయిపోయింది. 1966లో లెక్కపెడితే మిగిలినవి 42. వాటిలో మగది ఒక్కటే. తర్వాతి కాలంలో అవీ అంతరించాయి.

కంచె వేసిన ప్రతి పార్కూ ఒక చిన్న దీవే. వనస్థలిపురం దగ్గర విజయవాడ రహదారి పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలిని ఆ దృష్టితో చూడాలి. ఒకప్పుడది నిజాం వేటమైదానం. మహావీరుని 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా, 1975లో, కృష్ణజింకల కోసం దాన్ని కేటాయించి ఆ పేరు పెట్టారు. వేటమైదానానికి అహింస బోధించిన తీర్థంకరుడి పేరు పెట్టడం చాలా మంచి పని. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. 1994లో జాతీయ పార్కు హోదా వచ్చింది. అప్పట్లో చుట్టూ పొలాలు, పొదలు. ఇప్పుడు నాలుగువైపులా ఇళ్ళు, రోడ్లు. లోపలి జింక బయటికి పోలేదు, బయటి జింక లోపలికి రాలేదు.

పైగా లోపల పులి లేదు. కృష్ణజింక వేగం ఎవరి కోసం తయారైందో ఆ చీతా గత శతాబ్దంలో ఈ దేశంలోనే లేకుండాపోయింది. రాజులు, నవాబులు చీతాల్ని మచ్చిక చేసి, కళ్ళకు గంతలు కట్టి, ఎడ్లబండ్ల మీద తీసుకెళ్ళి కృష్ణజింకల మీదికి వదిలేవారు. 1952లో చీతా అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది. వెంటాడేది పోయింది, పరుగు మాత్రం మిగిలింది. వేటాడేవి లేని కంచె లోపల చుక్కల జింకలు త్వరగా పెరుగుతాయి. గడ్డి తగ్గిపోతే ఆకులకు, రాలిన పూలకు, కాయలకు మళ్ళగల నేర్పు వాటికి ఉంది. పొదలూ చెట్లూ చిక్కబడేకొద్దీ వాటికి హాయి. కృష్ణజింకకు అది గిట్టదు. దానికి కావలసింది నాలుగు దిక్కులా చూపు ఆనే మైదానం, కురచ గడ్డి. చెట్లు నాటితే అడవికి మేలే కదా అనుకునే మంచి మనసు కూడా ఇర్రికి ఇల్లు లేకుండా చేయగలదు. నగరపు పార్కుల్లో పెరిగిపోయిన చుక్కల జింకల్ని కవ్వాల్, అమ్రాబాద్ లాంటి పెద్ద అడవులకు తరలించే పనిని అటవీశాఖ చేపట్టింది. అక్కడ పులులకు ఆహారం కొరవడకుండా చూడడం కూడా ఆ తరలింపులో ఒక ఉద్దేశం. తరలింపు తేలిక పని కాదు. వెంటపడి పట్టుకుంటే జింక భయంతోనే చచ్చిపోవచ్చు. కండరాలు విషమెక్కినట్టు దెబ్బతిని, పట్టుకున్న కొన్ని గంటలకో రోజులకో గుండె ఆగుతుంది. ఊళ్ళోకి తప్పిపోయి వచ్చిన జింకను జనం కేకలేస్తూ తరిమినప్పుడు జరిగేదీ ఇదే. దూరంగా నిలబడి, కుక్కల్ని అదిలించి, అటవీశాఖకు కబురు చేయడమే దానికి చేయగల సాయం.

ఇర్రి తన మైదానాన్ని ఎలా ఏలుతుందో దగ్గరగా చూస్తే ఆ నేల విలువ తెలుస్తుంది. మూడేళ్ళు దాటిన మగది నల్లబడుతుంది. కళ్ళచుట్టూ, పొట్ట కింద మాత్రం తెలుపు. ఆడవీ చిన్నవీ లేత గోధుమరంగులో ఉంటాయి. నల్లబడ్డ మగది ఓ చదును జాగా చూసుకుని, దాని నడుమ రోజూ ఒకేచోట పెంటికలు వేస్తుంది. ఆ కుప్పే హద్దురాయి. కంటి మూల ఉండే గ్రంథిని గడ్డిపరక కొసకు సుతారంగా ఆనించి, నల్లటి జిగురు చుక్కను అంటిస్తుంది. ఎంత సుతారంగా అంటే, పరక కంట్లో పొడుచుకోదు, వంగదు కూడా. ఆ చుక్కే దాని సంతకం. ఇంకో మగది వచ్చి వాసన చూస్తే ఎవరి జాగానో తెలిసిపోతుంది. తర్వాత ముక్కు పైకెత్తి, కొమ్ములు వీపు మీదికి వాల్చి, ఆడగుంపు ముందు టీవిగా నడుస్తుంది. ఈ సంసారమంతా మన కంటికి ‘ఖాళీ జాగా’లోనే జరుగుతోంది.

ఖాళీ అన్న మాటలోనే చిక్కంతా ఉంది. రెవెన్యూ భాషలో బంజరు, పోరంబోకు. దేశంలోని వ్యర్థ భూముల పటాల్ని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా తయారుచేసేది మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. ఆ పటాల్లో పొదల నేలలు వ్యర్థ భూముల వర్గంలోకే వస్తాయి. రైతుకు పంట రానిది, ప్రభుత్వానికి శిస్తు రానిది వ్యర్థమని పూర్వం వేసిన లెక్క ఇంకా నడుస్తోంది. తెలంగాణ పల్లె భాషలో దీనికి మంచి మాట ఉంది, కంచ. పశువుల మేతకు విడిచిపెట్టిన గడ్డి నేల అని. కంచ గచ్చిబౌలి పేరులో ఉన్నది అదే. రెవెన్యూ రికార్డుల్లో ఆ భూమి ‘కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ’. అస్తబల్ అంటే గుర్రపుశాల. గుర్రాల కోసం ఉంచిన మేతనేల అన్నమాట. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న ఆ 400 ఎకరాల్లో 2025 మార్చి చివర్లో యంత్రాలు దిగి చెట్లు, పొదలు తొలగించడం మొదలుపెట్టినప్పుడు విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఎక్కడి పని అక్కడ ఆపమంది. అప్పటికే సుమారు 100 ఎకరాలు చదునైపోయాయి. ఆ రోజుల్లోనే దారితప్పి బయటికి వచ్చిన చుక్కల జింక ఒకటి కుక్కల బారినపడి చనిపోయిందని పత్రికలు రాశాయి. భూమి ఎవరిదన్న వివాదంలో ఎవరి వాదన వాళ్ళకుంటుంది. ఆ నేలను మేసి బతికినవాటికి వాదించే నోరు లేదు.

రైతు వైపు నుంచి కూడా చూడాలి. నారాయణపేట జిల్లాలో కృష్ణా తీర మండలాల రైతులకు కృష్ణజింకలు తీరని తలనొప్పి. మొలకెత్తిన పైరు మీద గుంపు పడితే రాత్రికి రాత్రి చేను మాయం. చట్టం దానికి అత్యున్నత రక్షణ ఇచ్చింది కాబట్టి రైతు చేయెత్తలేడు. పొలం గట్టు మీద రాత్రంతా డబ్బాలు కొడుతూ కూర్చునే మనిషికి వన్యప్రాణి ప్రేమ గురించి చెప్పబోవడం అన్యాయం. గడ్డి నేలలు సాగులోకి పోయాక జింకకు పైరే గడ్డి అయింది. నష్టపరిహారం సకాలంలో అందడం, ఊరికి కొంత మేతనేల వదలడం ఈ రెండూ కలిసి జరిగితే తప్ప రైతుకూ, ఇర్రికీ మధ్య ఈ పోరు తెగదు.

ఉత్తరాన రెయిన్‌డీర్ మేతకు మరో రకం తాళం పడుతోంది. చలికాలంలో మంచు బదులు వాన కురిసి, అది గడ్డకట్టి, లైకెన్ మీద గాజుపలకలా పేరుకుంటోంది. గిట్టతో మంచును తవ్వవచ్చు గానీ గాజును పగలగొట్టలేదు. 2013 నవంబర్‌లో రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో అలా జరిగాక ఆ చలికాలంలో 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చిపోయాయి. వాటినే నమ్ముకున్న నెనెత్స్ కాపరుల కుటుంబాలు రాత్రికి రాత్రి నిరుపేదలయ్యాయి. ధ్రువప్రాంతంలోని వలస గుంపులన్నీ కలిపి రెండు దశాబ్దాల్లో 47 లక్షల నుంచి 21 లక్షలకు పడిపోయాయని 2018లో వచ్చిన అమెరికా ప్రభుత్వ నివేదిక లెక్కకట్టింది.

మన దగ్గర తాళం వేసేది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో గడ్డి పీచుగా మారుతుంది, కుంటలు ఎండుతాయి. ఎండమావిని సంస్కృతంలో మృగతృష్ణ అన్నారు, జింక దప్పిక అని. ఆ మాట వేసవి మధ్యాహ్నం వనస్థలిలో ఓ గుంపు నీడ లేని దారిలో తల వేలాడేసి నడవడం చూసినవాళ్ళకు మామూలు మాటగా అనిపించదు. అటవీ సిబ్బంది నేలలో సాసర్ పిట్లు కట్టి, ట్యాంకర్లతో నీళ్ళు నింపుతుంటారు. సాసరు లాగే లోతు తక్కువ, అంచు ఏటవాలు. కూన కూడా జారిపడకుండా తాగగలదు.

ఇంత సేపూ కొమ్ముల గురించి చెప్పుకున్నాక, కొమ్ములే లేని ఓ చిన్న ప్రాణిని వదిలేయడానికి మనసొప్పదు. నల్లమల రాలుటాకుల్లో మూషిక జింక తిరుగుతుంది. కుందేలంత ఒళ్ళు, పెన్సిలంత కాళ్ళు, ఒంటిమీద తెల్ల చారలు, చుక్కలు. పేరులో జింక ఉన్నా అది అచ్చమైన జింక కుటుంబానిది కాదు, ఇంకా పాత వంశం. కొమ్ముల బదులు మగదానికి పైదవడ నుంచి సన్నటి కోరలు దిగుతాయి. నెమరువేసే జంతువులకు నాలుగు గదుల కడుపు ఉంటుందని బళ్ళో నేర్చుకున్నాం. దీనికి మూడే. రాత్రి తిరిగే ఈ పిరికి ప్రాణి అడవి మనుషులకు కూడా అరుదుగానే కనిపిస్తుంది. 2010లో నెహ్రూ జంతు ప్రదర్శనశాల, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళ అత్తాపూర్ ప్రయోగశాల లాకోన్స్ కలిసి దీన్ని పెంచడం మొదలుపెట్టాయి. కొద్దిపాటి జంతువులతో మొదలైన ఆ మంద కొన్నేళ్ళలోనే రెండు వందలు దాటింది. 2017లో కొన్నిటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. దేశంలో మూషిక జింకల్ని పెంచి అడవికి పంపడం అదే మొదటిసారి. అదే ప్రయోగశాల 2006లో కృత్రిమ గర్భధారణతో చుక్కల జింక కూనను పుట్టించి స్పాటీ అని పేరు పెట్టింది, మరుసటి ఏడాది కృష్ణజింక కూన వచ్చింది, దాని పేరు బ్లాకీ. చుక్కల జింకకు ఇప్పుడు ఆ అవసరం లేదు. అంతరించే దశకు చేరిన ఇంకో జాతికి రేపు అవసరం పడితే చేయి తిరిగి ఉండాలని చేసిన పని అది.

సైనిక్‌పురి వాళ్ళకు అన్నిటికంటే దగ్గర శామీర్‌పేట పార్కే. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు వెళ్తే దారిలోనే వస్తుంది. జనవరి ఉదయం, మంచు తెర ఇంకా విడవకముందు వెళ్ళి నిశ్శబ్దంగా నిలబడితే పిల్లలకు చూపించడానికి చాలా ఉంటుంది. గట్టి కొమ్ములున్న మగది ఏది, నూగు కొమ్ములున్నది ఏది అని లెక్కపెట్టమనవచ్చు. చెట్ల మొదళ్ళ దగ్గర బెరడు ఒలిచిన గీతలు వెతకమనవచ్చు. అదృష్టం బాగుంటే ఎవరో రాల్చిన కొమ్ము గడ్డిలో కనబడుతుంది. దాన్ని ఇంటికి తెచ్చుకోకూడదు, రక్షిత వనంలో రాలిన కొమ్మును కూడా తీసుకుపోవడానికి చట్టం ఒప్పుకోదు. దాని కోసం ఎదురుచూసేవాళ్ళు అక్కడే ఉంటారు. రాత్రికి ముళ్ళపంది వచ్చి ఓ కొస కొరుకుతుంది. పగటిపూట పాలిచ్చే ఆడ దుప్పి రెండో కొసను దవడ పళ్ళ మధ్య ఇరికించుకుని, తల పక్కకు వాల్చి, అరగంట సేపు కరకరా నములుతుంది. పక్కన కూన దాని పొదుగు కుమ్ముతూ ఉంటుంది.